చాకు గుర్తుంది, ముఖం గుర్తు లేదు

ప్రశ్న: మూడు నెలల క్రితం తెల్లవారుజామున పాల ప్యాకెట్లు తీసుకుని ఇంటికి వస్తుండగా, బైకు వెనుక కూర్చున్నవాడు దిగి, చాకు చూపించి నా మెడలోని నానుతాడు తెంపుకుపోయాడు. ఆ చాకు పసుపుపచ్చ పిడి, దానికి చుట్టిన నల్ల టేపు, టేపు కొస ఊడి వేలాడటం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. ముఖం మాత్రం ఎంత తలచుకున్నా రావడం లేదు. ఇప్పుడు గుర్తింపు పరేడుకు, అంటే వరుసలో నిలబెట్టినవారిలో దొంగను గుర్తుపట్టడానికి, రమ్మని కబురు వచ్చింది. "మూరెడు దూరంలో నిలబడ్డవాడిని ఎలా మరిచిపోతావు?" అని మావారు అంటున్నారు. భయంలో చూసినది జన్మలో మరచిపోలేమంటారు కదా, నాకే ఎందుకిలా జరిగింది?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీవారి మాట అందరూ అనుకునేదే కనుక ఆయనను తప్పుపట్టలేము. కానీ ఎదుట ఉన్నది కంట పడటం వేరు, దానిపై చూపు నిలవడం వేరు. ఆ రెండు మూడు క్షణాల్లో మీ ప్రాణానికి ముప్పు చాకు నుండి వచ్చింది కాబట్టి మీ చూపు దానిని వదలలేదు. ఒక ముఖాన్ని మరచిపోవాలన్నా ముందు అది మనసులోకి చేరి ఉండాలి. మీ విషయంలో అది సరిగా చేరనే లేదని, ఇందులో మీ తప్పు ఏమీ లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్, ఆమె సహచరులు 1987లో ప్రచురించిన ఒక ప్రయోగం మీ అనుభవానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలో కౌంటరు దగ్గరకు వచ్చిన మనిషి కొందరు చూసిన స్లైడ్లలో క్యాషియరుకు చెక్కు అందిస్తాడు, మరికొందరు చూసిన స్లైడ్లలో తుపాకి చూపిస్తాడు. చూస్తున్నవారి కంటి కదలికలను నమోదు చేస్తే, చెక్కు కంటే తుపాకి మీద చూపు ఎక్కువసార్లు, ఎక్కువసేపు నిలిచినట్టు తేలింది. ఆ మనిషి గురించి తరువాత అడిగినప్పుడు తుపాకి చూసినవారి జ్ఞాపకమే బలహీనంగా ఉంది. అది కేవలం తెరమీది బొమ్మ, వారికి ఏ అపాయమూ లేదు. నిజమైన చాకు ఎదుట నిలబడిన మీ స్థితి ఇంకెంత కఠినమో వేరే చెప్పనక్కరలేదు.

భయం వేసినప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్లు విడుదలవుతాయి. మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం, పక్కనే ఉండి జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోక్యాంపస్‌ను పురికొల్పి, ఆ అనుభవాన్ని గట్టిగా ముద్రింపజేస్తుంది. అయితే ఆ ముద్ర దృశ్యమంతటా ఒకే తీరుగా పడదు. నది ఒడ్డున పాము ఉన్న బొమ్మను చూసినవారికి పాము బాగా గుర్తుండి, వెనుక ఉన్న నది అంతగా గుర్తుండకపోవడం ఇటువంటి పరీక్షల్లో తరచుగా కనిపించే ఫలితం. మీ నల్ల టేపు ఆ పాము వంటిది, అతని ముఖం ఆ నది వంటిది.

చాకు లేకపోయినా, చాలాసేపు చూసినా, తీవ్రమైన భయం ముఖాల జ్ఞాపకాన్ని దెబ్బతీయగలదు. అమెరికా సైనిక శిక్షణలో భాగంగా నకిలీ యుద్ధఖైదీల శిబిరంలో ఉంచిన 500 మందికి పైగా సిబ్బందిపై చార్లెస్ మోర్గాన్ బృందం జరిపిన అధ్యయనం 2004లో వెలువడింది. తమను అరగంటకు పైగా ఎదురుగా కూర్చుని ప్రశ్నించిన మనిషిని, విడుదలైన మరునాడు వరుసలో నిలబెట్టి చూపించినప్పుడు, తీవ్రమైన ఒత్తిడి పెట్టిన అధికారిని 30 శాతం మంది మాత్రమే సరిగా గుర్తుపట్టారు. ఒత్తిడి తక్కువగా ఉన్న విచారణలో ఆ సంఖ్య 62 శాతం. శిక్షణ పొందిన సైనికుల సంగతే ఇలా ఉన్నప్పుడు, చేతిలో పాల ప్యాకెట్లతో ఉన్న గృహిణిని "ఎలా మరిచిపోయావు" అని అడగడం న్యాయం కాదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో నిజంగా జరిగిన ఒక కాల్పుల ఘటనను చూసిన 13 మందిని నాలుగైదు నెలల తరువాత ప్రశ్నిస్తే, చాలా వివరాలు సరిగానే చెప్పారని 1986లో యూయిల్, కట్‌షాల్ అనే పరిశోధకులు రాశారు. కాబట్టి భయపడినవారి సాక్ష్యమంతా పనికిరాదని ఎవరూ అనకూడదు.

నేను ఎక్కువ భయపడేది ఖచ్చితంగా గుర్తుందనే నమ్మకం గురించి. న్యూయార్క్ జంట భవనాలపై దాడి జరిగిన మరునాడే, 2001 సెప్టెంబరు 12న, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 54 మంది విద్యార్థులు ఆ వార్త తాము విన్న వివరాలను, ఆ రోజుల్లోనే జరిగిన ఒక మామూలు సంఘటన వివరాలను రాసి ఇచ్చారు. వారాలు, నెలలు గడిచాక మళ్ళీ అడిగితే రెండు జ్ఞాపకాలూ ఒకే తీరున మారిపోయాయి; అయినా దాడి వార్త జ్ఞాపకం మాత్రం స్పష్టంగా, నిజంగా ఉందన్న నమ్మకం వారిలో తగ్గలేదు. "నిన్న జరిగినట్టుంది" అని మనం అనే మాట వెనుక ఎంత నిజాయితీ ఉన్నా, అది రుజువు కాదు.

ఈ కారణంగానే మీకు కొన్ని మాటలు చెప్పదలచాను. పరేడుకు ముందు పట్టుబడినవారి ఫొటోలు వాట్సాప్‌లో గాని పేపర్లో గాని వస్తే చూడకండి. ఫొటోలో చూసిన ముఖం వరుసలో తెలిసినట్టు అనిపిస్తే, ఆ తెలిసినతనం ఆ తెల్లవారుజాము నుండి వచ్చిందో ఫొటో నుండి వచ్చిందో మీ మనసు వేరుచేయలేదు. దొంగ ఆ వరుసలో ఉండి తీరాలని లేదు. కాబట్టి ఉన్నవారిలో కాస్త పోలిక ఉన్నవాడిని వెతకకండి. ఎవరూ గుర్తు రాకపోతే "గుర్తుపట్టలేకపోతున్నాను" అని పరేడు జరిపించే మెజిస్ట్రేటు గారికి చెప్పండి; అదీ సమాధానమే, దాన్నీ రాసుకుంటారు. ఇంట్లోవాళ్ళ మాట పడలేక ఎవరో ఒకరిని చూపిస్తే, ఏ పాపమూ ఎరుగని ఒక కుర్రవాడు జైలుకు వెళ్ళవచ్చు.

మీ దగ్గర పనికివచ్చే జ్ఞాపకం లేకపోలేదు. పసుపుపచ్చ పిడి, నల్ల టేపు, ఊడి వేలాడే కొస సంగతి ఇంతవరకు చెప్పి ఉండకపోతే, దర్యాప్తు అధికారికి ఇప్పుడే చెప్పి, మీ వాంగ్మూలంలో రాయించండి. సోదాలో చాకు దొరికితే, ఈ వివరాలతో దానిని పోల్చి చూడగలుగుతారు.