బిమిని టాప్ కొనే ముందు టేపు పట్టండి

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. 17 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ మోటారు బోటు కొని, వారాంతాల్లో లేక్ లూయిస్‌విల్‌కి తీసుకెళ్తున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు జులై ఎండకి అరగంట కూడా కూర్చోలేకపోతున్నారు. మడిచే బిమిని టాప్ (బోటు మీద నీడకి వేసే గుడ్డ పైకప్పు) తెప్పించి నేనే బిగించుకోవచ్చా? బోటుకి చిల్లులు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: నిక్షేపంగా బిగించుకోవచ్చండీ. పెద్దవాళ్ళు బోటెక్కుతున్నారంటే నీడ ఉండి తీరాలి.

కొనేముందు కొలతలు చూడండి. చాలామంది బోటు వెడల్పు చూసి ఆర్డర్ చేసేస్తారు. కావలసింది కుడి అంచు మీద బిగించే చోటు నుంచి ఎడమ అంచు మీద బిగించే చోటుకి ఉన్న దూరం. టాపులు 67–72, 73–78 అంగుళాలు అంటూ ఈ లెక్కనే అమ్ముతారు. మీ బోటుకి మూడు కమానులది (గుడ్డని మోసే వంపు గొట్టాలు), 6 అడుగుల పొడవుది చాలు. బిగించే చోటు దాదాపు గుడ్డ నడిమికి కింద వస్తుంది. కాబట్టి నీడ ఎక్కడ మొదలవ్వాలో అక్కణ్ణుంచి 3 అడుగులు వెనక్కి గుర్తు పెట్టండి. వెనక్కి మడిచినప్పుడు కమాను మోటారుకి తగులుతుందేమో కూడా చూసుకోండి.

ఫ్రేమ్ వచ్చాక వెంటనే డ్రిల్లు తీయకండి. ఫ్రేమ్‌ని బోటుకి పట్టి ఉంచే కీళ్ళను గుర్తు పెట్టిన చోట మాస్కింగ్ టేపుతో అంటించి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని టాప్ తెరవండి. నాన్నగారిని లేచి నిలబడమనండి, తల తగలకూడదు. అంచు కింద చెయ్యి పెట్టి వైర్లు, పెట్రోలు గొట్టం లేవని తేల్చుకోండి. అప్పుడు టేపు మీదే గుర్తు పెట్టి, డ్రిల్లును మొదట కాసేపు వెనక్కి తిప్పండి. పైన నున్నటి పూత పెచ్చులు లేవకుండా చిన్న గుంట పడుతుంది. తర్వాత మామూలుగా తిప్పండి. చిల్లులో మెరైన్ సీలెంట్ (నీళ్ళు దిగకుండా ఆపే బంక) నింపి స్టెయిన్‌లెస్ బోల్టు దించి, వెనక వెడల్పాటి వాషర్ వేసి నట్టు బిగించండి. చెయ్యి దూరేచోట ఉత్త స్క్రూలతో సరిపెట్టకండి. గాలి గుడ్డని పైకి లాగినప్పుడు బరువంతా అక్కడే పడుతుంది.

నేను గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్ళలో తిరుగుతాను కాబట్టి స్టెయిన్‌లెస్ ఫ్రేమే వాడతాను. మీ మంచినీటి లేక్‌కి అల్యూమినియం సరిపోతుంది. డబ్బు గుడ్డ మీద పెట్టండి, దారంలోనే రంగు కలిసిన యాక్రిలిక్ ఎండకి తొందరగా వెలవదు.

పట్టీలు ముందూ వెనకా సమానంగా లాగండి, గుడ్డ మధ్యలో నీళ్ళు నిలవకూడదు. గాలి రేగితే టాప్ తెరచాపలా పనిచేసి బోటుని పక్కకి నెట్టేస్తుంది, వెంటనే మడిచేయండి. ట్రైలర్ మీద యూఎస్ 75 హైవే ఎక్కి లేక్ టెక్సోమా వెళ్ళేటప్పుడు తెరిచి ఉంచనే వద్దు. మడిచి, తొడుగు వేసి, కిందికి వాల్చి కట్టేయండి. తడిగా మడవాల్సి వస్తే ఇంటికెళ్ళగానే విప్పి ఆరబెట్టండి, లేకపోతే బూజు పడుతుంది.

చీకటి పడ్డాక కూడా తిరుగుతారా? వెనక కర్రమీది తెల్లలైటు నాలుగు వైపులా కనిపించాలి. టాప్ అడ్డొస్తుంటే పొడవాటి కర్ర వేయించండి, లేదా చీకటి పడేముందే మడిచేయండి.