తిరుపతి నుంచి కామిక్ కాన్‌కి ఒంటరిగా వెళ్తే కలుపుకుంటారా?

మీరు అడిగింది ఇదీ: "మాది తిరుపతి. ఈసారి చెన్నై కామిక్ కాన్‌కి వెళ్దామనుకుంటున్నాను. తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. నాణేలు, పక్షులు లాంటి వేరే హాబీల వాళ్ళతో పోలిస్తే అక్కడివాళ్ళు కొత్తవాళ్ళని కలుపుకుంటారా, దూరంగా పెడతారా?"

కలుపుకుంటారండీ. కామిక్ కాన్ అంటే కామిక్స్, యానిమే, సినిమాల అభిమానులు, చాలామంది వాటిలోని పాత్రల వేషాలు వేసుకుని మరీ, కలుసుకునే వేడుక. నేను తిరిగిన గుంపులన్నిట్లో త్వరగా కలుపుకునేది వాళ్ళే. అయితే నేను తప్పులు చేసి నేర్చుకున్నది మాత్రం వేరేచోట. అక్కడ నేర్చుకున్నదే కామిక్ కాన్‌లో నాకు పనికొచ్చింది కాబట్టి ముందు ఆ కథ చెప్తాను.

మా తాత ట్రంకుపెట్టెలో ఒక రాగి నాణెం దొరికింది. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ చిహ్నం, కింద 1803. రెండోవైపు పారసీ రాత, దాని అడుగున ఇరవై క్యాష్ అని రోమన్ అంకెల్లో. మదరాసు ప్రెసిడెన్సీలో చెలామణికి ఇంగ్లండులో ముద్ర కొట్టించి ఓడల్లో పంపిన నాణెం అది. మన కాసే వాళ్ళ నోట క్యాష్ అయింది. నల్లగా ఉంది కదా అని, రాగిచెంబు తోమినట్టు, చింతపండు, ఉప్పు వేసి బాగా తోమాను. తళతళలాడిపోయింది. ఇంట్లో అందరికీ చూపించాను.

తర్వాత చెన్నైలో ఒక నాణేల ప్రదర్శనకి తీసుకెళ్ళి, బల్ల వెనక కూర్చున్న ఒక పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన దాని ముఖం మీద వేలు పడకుండా అంచులు పట్టుకుని, భూతద్దం కింద అటూ ఇటూ తిప్పారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి మెల్లగా "తోమేసినారా బాబూ?" అన్నారు. రాగి మీద రెండు వందల ఏళ్ళుగా పేరుకున్న ఆ నలుపే నాణేనికి కవచమట. దాని వయసుకి సాక్ష్యం కూడా అదే. పులుపు తగిలి ఆ పొర పోయింది, తోముడుకి అక్షరాల అంచులు కూడా కొంచెం అరిగాయి. ఒకసారి పోతే మళ్ళీ రాదు. డబ్బు సంగతి నాకు పట్టలేదు. తాత చేతి మరక కూడా ఆ చింతపండు నీళ్ళతోనే పోయిందే అనిపించి, రైల్లో వస్తున్నంతసేపూ మనసు బాగోలేదు.

ఆయన నన్ను కసురుకోలేదు. ఇక మీదట పీవీసీ కవర్లలో పెట్టొద్దు, కొన్నాళ్ళకి పచ్చగా జిగురు పట్టి నాణేన్ని తినేస్తుంది అని చెప్పి, పనికొచ్చే కవరు ఒకటి ఊరికే ఇచ్చారు. నాణేల వాళ్ళు మంచివాళ్ళే, కానీ నిదానం. ఏడాది పాటు వస్తూ పోతూ ఉంటే తప్ప మంచి ఆల్బమ్ మన ముందు తెరవరు. నకిలీలు, దొంగతనాలు చూసినవాళ్ళు కదా, అది తప్పని నేను అనను.

పక్షుల వాళ్ళ దగ్గర చేసిన తప్పు వేరు. పసుపు గొంతు ఉండే పికిలిపిట్ట ఒకటుంది. దక్షిణాదిలో రాళ్ళగుట్టల మీద, పొదల మధ్య తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. మన శేషాచలం కొండల్లో ఉంది. దాన్ని మొదటిసారి చూసిన సంతోషంలో గూడు ఉన్న చోటు గుర్తులతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ఐదు నిమిషాల్లో ఒక మేడమ్ ఫోన్. "పిట్ట ఫొటో ఉంచండి, చోటు మాత్రం తీసేయండి. రేపు పదిమంది కెమెరాలతో వస్తే తల్లి గూడు వదిలేస్తుంది" అన్నారు. వెంటనే తీసేశాను. కలివికోడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో పక్కనున్న కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. అలాంటి నేల మీద తిరిగేవాళ్ళకి ఆ జాగ్రత్త ఉండాల్సిందే.

ఆ రెండు దెబ్బల తర్వాత నాకొక అలవాటు వచ్చింది. ఏ గుంపులోకి వెళ్ళినా, వీళ్ళు దేన్ని కాపాడుకుంటున్నారు అని మొదట చూస్తాను. నాణేల వాళ్ళు నలుపుని కాపాడుకుంటారు, పక్షుల వాళ్ళు గూటిని. కామిక్ కాన్‌కి వెళ్ళేటప్పుడు కూడా అదే మనసులో ఉంది.

మన దేశంలో కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలైంది, 2013లో హైదరాబాద్‌కి వచ్చింది. చెన్నైకి వచ్చింది 2024 ఫిబ్రవరిలో, నందంబాక్కం ట్రేడ్ సెంటర్‌లో. ఆ మొదటి ఏడాదే మా అక్క కూతుర్ని తీసుకుని వెళ్ళాను. ఇంటర్ చదువుతుండేది, బొమ్మలు బాగా వేస్తుంది, కాలేజీలో మాత్రం నోరు తెరవదు. జపాన్ యానిమేలో కత్తి పట్టిన ఒక పాత్ర వేషం వేస్తానంది. యోగా మ్యాట్ లాంటి ఫోమ్ షీట్లు తెచ్చి, వేడి చేసి వంచి, గ్లూ గన్‌తో అతికించి, రంగు వేసి నెల రోజులు కష్టపడింది. మా అక్క ససేమిరా అంది. అప్పుడు మా అమ్మే అడ్డం పడింది. "మీ నాయన మాతంగి వేషం కట్టి వీధిలో నడిస్తే చూసినదాన్ని నేను. బిడ్డ వేషం కడితే ఏమైతాది, పోనీయవే" అంది.

తిరుపతి వాళ్ళు కాబట్టి మీకు వివరంగా చెప్పక్కర్లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నామకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. మాతంగి రోజు మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికి పోతారు, ఎవరూ నవ్వరు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు భయంతో దాక్కుంటే, గంగమ్మ రోజుకో వేషంలో తిరిగి, దొర వేషం రోజు వాడిని బయటికి రప్పించి చంపిందని కదా మన కథ. వేషం కడితే మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుందని మన ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అలాగని జాతరని కాస్‌ప్లేతో, అంటే ఇలా కామిక్స్, సినిమా పాత్రల వేషాలు కట్టడంతో, కలిపి మాట్లాడితే నేను ఒప్పుకోను. అది మొక్కు, ఇది ముచ్చట. కానీ వేషం కట్టినవాళ్ళకి దారి ఇవ్వడం, వాళ్ళని గౌరవంగా చూడడం రెండుచోట్లా ఒకటే.

పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరాం. కత్తిని దుప్పట్లో చుట్టి పైన సామాన్ల అర మీద పెట్టాం. తిరుత్తణిలో ఎక్కిన ఒక ముసలామె దాన్ని చూసి "నాటకమా తల్లీ?" అని అడిగింది. "అట్లాంటిదే అవ్వా" అంది మా పిల్ల. సెంట్రల్‌లో దిగి, మెట్రోలో ఆలందూరు, అక్కణ్ణుంచి ఆటో. గేటు దగ్గర కత్తిని నొక్కి, వంచి చూశారు. ఫోమ్ అని తేలాకే లోపలికి పంపారు.

లోపల నేను మొదట గమనించింది కెమెరాలు పట్టుకున్నవాళ్ళని. అంత జనంలో కూడా మూడడుగుల దూరంలో ఆగి, "ఫొటో తీసుకోవచ్చా?" అని అడిగి, మా పిల్ల తల ఊపేదాకా ఆగారు. తీశాక స్క్రీన్ తిప్పి చూపించారు. నచ్చలేదంటే తన ముందే తీసేశారు. భుజం మీద చెయ్యి వేయడానికి వచ్చిన ఒక కుర్రాడిని పక్కనున్న, మాకు ఏమాత్రం తెలియని అమ్మాయే ఆపి, "అడిగి వేయండి" అంది. వేషం వేసుకున్నంత మాత్రాన ఒంటి మీద చెయ్యి వేయడానికి ఒప్పుకున్నట్టు కాదని అక్కడ అందరూ ఎరుగుదురు. వాళ్ళు కాపాడుకునేది ఆ వేషం లోపలి మనిషిని. ఒక మేనమామగా నాకు ఎంత నిబ్బరంగా అనిపించిందో చెప్పలేను.

మధ్యాహ్నం భుజకవచం పట్టీ ఊడిపోయింది. పిల్ల ముఖం మాడిపోయింది, ఇంక ఏడుపే తరువాయి. ఆ పక్కనే నిలువెత్తు రోబో వేషంలో ఉన్న ఒకతను ఏమీ అడక్కుండా సంచి తెరిచాడు. గ్లూ గన్, కత్తెర, సేఫ్టీ పిన్నులు, వెల్క్రో, అన్నీ ఉన్నాయి. గోడ దగ్గర ప్లగ్ వెతికి, నేల మీద కూర్చుని, తన చేతి తొడుగులు విప్పి నా ఒళ్ళో పెట్టి, పది నిమిషాల్లో అతికించాడు. అతను తమిళం, మాది చిత్తూరు తమిళం, భాషతో పెద్ద ఇబ్బంది రాలేదు. అతికిస్తున్నంతసేపూ "ఈ వంపు ఎట్లా తెచ్చావమ్మా?" అని మా పిల్లనే అడుగుతున్నాడు. ఇస్త్రీపెట్టెతో వేడి చేశానని అది గడగడా చెప్పేసింది. కొత్త మనిషితో అది అంతసేపు మాట్లాడడం నేను అంతకుముందు చూడలేదు.

1975లో టోక్యోలో మొదలైన కామికెట్ అనే కామిక్స్ సంతలో అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు అని వేరు చెయ్యరు, వచ్చిన అందరినీ పాల్గొనేవాళ్ళు అనే అంటారు. చెన్నైలో నిర్వాహకుల లెక్క అది కాదు, అక్కడ పక్కా వ్యాపారమే. కానీ ఆ రోబో అబ్బాయి లాంటివాళ్ళు తమలో తాము ఆ పద్ధతిని నిలబెట్టుకున్నారు. నాణేల దగ్గర నా చేతిలో ఏముందని చూశారు, పక్షుల దగ్గర నాకెంత ఓపిక ఉందని చూశారు. ఇక్కడ ఏం చేసుకొచ్చావని చూస్తారు. ఒక పట్టీ కుట్టినా చాలు, మనవాళ్ళే అనుకుంటారు. ఏమీ చెయ్యకుండా టీషర్టులో వెళ్ళినా ఎవరూ చిన్నచూపు చూడరు, కాకపోతే మాట మీరే కలపాలి.

సినిమా హీరోల అభిమాన సంఘాల్లో కూడా కొన్నాళ్ళు ఉన్నాను. చేరడం అన్నిటికన్నా సులువు. కానీ చేరిన రోజే అవతలి హీరో వాళ్ళతో పగ కూడా మన నెత్తిన పడుతుంది. నాకు అది పడలేదు.

కామిక్ కాన్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. బ్రాండ్ల స్టాళ్ళు మరీ ఎక్కువ, ధరలు మండిపోతాయి, తిండి దగ్గర క్యూ పొడవు. సొంతంగా కామిక్స్ గీసి అమ్ముకునేవాళ్ళ బల్లలు మాత్రం వదలొద్దు. మధ్యాహ్నం దాటితే జనంలో వాళ్ళతో మాట్లాడలేరు, కాబట్టి వెళ్ళగానే ముందు అక్కడికే వెళ్ళండి. "ఎట్లా గీశారు?" అని అడిగి చూడండి, కుర్చీ లాగి కూర్చోబెడతారు. మా పిల్ల తన స్కెచ్ పుస్తకం ఒకావిడకి చూపిస్తే, చేతివేళ్ళు గీసేటప్పుడు కీళ్ళ దగ్గర ఎక్కడ తప్పుతోందో ఆవిడ పెన్సిల్‌తో పక్కనే గీసి చూపించింది. ఆ పేజీని మా పిల్ల చించనివ్వదు, ఎవరికీ ఇవ్వదు.

వేషం వేసుకునేటట్టయితే చిన్న గ్లూ గన్, సేఫ్టీ పిన్నులు మీ సంచిలో కూడా ఉండనివ్వండి. మీకు అవసరం పడకపోయినా ఇంకొకరికి పడుతుంది. రాత్రికి తిరిగి రావాలంటే మాధవరం నుంచి తిరుపతి బస్సులు ఉంటాయి, కాస్‌ప్లే పోటీ చూసుకునే బయల్దేరండి. నందంబాక్కం నుంచి మాధవరం చేరడానికే చాలాసేపు పడుతుంది, ఆ టైము లెక్కలో పెట్టుకోండి.