ముందు కదిలింది ఎవరు?

ప్రశ్న: 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్‌లో విశాఖపట్నం క్రీడాకారిణి జ్యోతి యర్రాజి మూడో స్థానంలో గమ్యం చేరినా ఆమెకు రజతం ఎలా దక్కింది?

జవాబు: తుపాకీ పేలకముందే చైనా క్రీడాకారిణి వూ యాన్నీ కదలగా, అధికారులు మొదట ఆమెతోపాటు జ్యోతిని కూడా తప్పించబోయారు. తాను ముందుగా కదలలేదని జ్యోతి ట్రాక్ మీదే గట్టిగా వాదించడంతో, వీడియో పరిశీలించి, తుది నిర్ణయాన్ని వాయిదా వేసి, ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే, అంటే తుపాకీ పేలకముందు ఒక్కసారి కదిలినా, అనర్హత వేటు పడే నిబంధన 2010 నుంచి అమలులో ఉంది. అందువల్ల రెండో స్థానంలో వచ్చిన వూను పోటీ ముగిశాక అనర్హురాలిగా ప్రకటించారు, 12.91 సెకన్లలో పరుగు ముగించిన జ్యోతికి రజతం లభించింది. అంతటి కలవరం తర్వాత మళ్లీ పరుగు మొదలుపెట్టే బ్లాక్స్‌లో కూర్చుని, మనసు చెదరకుండా 10 హర్డిల్స్ దాటడం, మా దృష్టిలో, పతకానికి ఏమాత్రం తీసిపోని ఘనత.