పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్ కొనే ముందు పాత స్టిక్ బయటికి తీసి చూడండి

"హన్మకొండలో ఉంటాం. ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది, బాగా స్లో అయింది. ఇంకో 4 జీబీ కొని నేనే పెట్టుకోవచ్చా?" అని అడిగారు. నిక్షేపంగా పెట్టుకోవచ్చు. బిగించడం పది నిమిషాల పని. పొరపాటు జరిగేది కొనేటప్పుడే.

మాది కాజీపేటలో చిన్న డీటీపీ షాపు. పెళ్లిళ్ల సీజన్‌లో ఫోటోషాప్‌లో ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే చాలు, సిస్టమ్ బిగుసుకుపోయేది. కస్టమర్ పక్కనే నిలబడి గడియారం చూస్తుంటే ఒకటే టెన్షన్. వెళ్లి "4 జీబీ ర్యామ్ ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్నాను. స్లాట్‌లో పెడితే దిగదు. కింద పిన్నుల మధ్య ఉండే కట్ ఒకచోట, స్లాట్‌లోని అడ్డు ఇంకోచోట. నా సిస్టమ్‌ది డీడీఆర్3 రకం ర్యామ్, తెచ్చింది దాని తర్వాతి తరం డీడీఆర్4. రెండూ ఒకే పొడవు ఉంటాయి, విడిగా చూస్తే తేడా తెలియదు. బలవంతంగా నొక్కి ఉంటే స్లాటే పోయేది. మార్చుకోవడానికి మళ్లీ ఒక పూట షాపు మూసుకోవాల్సి వచ్చింది.

అందుకే పాత స్టిక్ తీసి లేబుల్ ఫోటో తీసుకోండి. పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ4 అని ఉంటే డీడీఆర్4. పీసీ3-12800 అంటే 1600 స్పీడు. కొత్తదీ అదే స్పీడుది, అదే సైజుది తీసుకుంటే మామూలుగా రెండూ జతగా డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా అందిస్తూ పనిచేస్తాయి. స్పీడు వేరైతే మామూలుగా రెండూ తక్కువ స్పీడుకే నడుస్తాయి. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అది మీకు పనికిరాదు. ఇంకో సంగతి, మీ విండోస్ 32 బిట్ అయితే 4 జీబీ దాటి వేసినా దండగే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లో చూడండి.

బిగించే ముందు ప్లగ్ పీకేసి, పవర్ బటన్ రెండు మూడు సెకన్లు నొక్కండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కదా, ఒంట్లోని స్టాటిక్ చిప్‌కి తగలకూడదు. స్లాట్ క్లిప్పు తెరిచి, కట్ సరిచూసుకుని, రెండు చివర్లా బొటనవేళ్లతో సమానంగా నొక్కండి. క్లిప్పు దానంతటదే "టక్" మని పడాలి. ఆ శబ్దం రాకపోతే దిగనట్టే.

ఆన్ చేస్తే డిస్‌ప్లే రాక బీప్ శబ్దాలు వస్తే కంగారు పడకండి. నాకూ మొదటిసారి అదే జరిగింది. మళ్లీ ప్లగ్ పీకి, స్టిక్ తీసి, పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు తుడిచి, మళ్లీ గట్టిగా నొక్కాను. వచ్చేసింది.

డబ్బు పెట్టే ముందు ఒక్క పని చేయండి. సిస్టమ్ స్లోగా ఉన్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరవండి. మెమరీ 90 శాతం దాటి ఉంటే ర్యామ్ కొనండి. మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ ఒక్కటే 100 చూపిస్తుంటే, ఆ డబ్బుతో ఎస్ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) వేయించుకోండి.