తమ్ముడూ, ఆ నోటీసు ఎవరూ నమ్మరు

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివాను. హాస్టల్ మెస్సులో మాటలు బాగున్నాయి. కానీ కథకు ఆయువుపట్టయిన ఆ దొంగ నోటీసు దగ్గరికొచ్చేసరికి ఒళ్లు మండింది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కి మీ కుర్రాళ్లు అంటించిన కాయితంలో ఏముంది? "పరీక్షలు రద్దు, అందరూ ఇళ్లకు పోయి హాయిగా నిద్రపోండి" అట. ఏ రిజిస్ట్రారైనా అలా రాస్తాడా? అది చూసి క్యాంపస్ అంతా పెట్టెలు సర్దుకుందంటే చదివేవాడు ఎలా నమ్ముతాడు?

ఇంగ్లీషులోనైనా తెలుగులోనైనా నోటీసుకు ఒక నడక ఉంటుంది. పైన యూనివర్సిటీ పేరు, నంబరు, తేదీ, "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అని ఎత్తుగడ, కింద సంతకం, గుండ్రటి ముద్ర, ఆ కింద ఎవరెవరికి కాపీలు వెళ్లాయో ఆ వరస: ప్రిన్సిపాళ్లకు, వార్డెన్లకు, ఆఖరున స్టాక్ ఫైలుకు, అంటే ఆఫీసు తన దగ్గరే దాచుకునే కాపీల కట్టకు. దొంగ నోటీసు నిలబడేదీ పడిపోయేదీ ఆ ఆఖరి లైన్లలోనే. పరీక్ష వాయిదా అని ఎవడైనా రాస్తాడు, "స్టాక్ ఫైలు" అని రాయాలని తోచేది మాత్రం ఆఫీసు గుమ్మంలో గంటలు గంటలు నిలబడ్డవాడికే. నీ కుర్రాడు ఎలాంటివాడో ఆ ఒక్క లైను చెప్పేసేది. నువ్వేమో వాడు కొంటెవాడు, తెలివైనవాడు అంటూ అరపేజీ రాశావు.

మా రోజుల్లో అన్నీ సైక్లోస్టైల్ నోటీసులు: స్టెన్సిల్ అనే మైనపు కాయితం మీద టైపు కొట్టి, అక్షరాలు తెగినచోట సిరా దించి కాపీలు తీసేవాళ్లు. స్టెన్సిల్ మీద టైపు గట్టిగా కొడితే ఇంగ్లీషు 'ఓ' అక్షరం గుండ్రంగా తెగిపోయి కాపీలో అక్కడ నల్లటి చుక్క పడేది. మా డిపార్ట్‌మెంట్ అటెండర్‌కు ఇంగ్లీషు రాదు. ఒకసారి సెలవు నోటీసు చూసి మేమంతా గంతులేస్తుంటే ఆయనొచ్చి ఒక్క చూపు చూసి, "ఇది మనది కాదు బిడ్డా, చుక్కల్లేవు" అని చింపేశాడు.

దాని మీద కథ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు నోటీసు మొత్తం కోసేసి "ఒక నకిలీ నోటీసు అంటించారు" అని ఒక్క ముక్కతో సరిపెడతానన్నాడు, పేజీలో చోటు లేదట. పైగా చివర కొసమెరుపు కావాలన్నాడు. ఇంటి అద్దె బాకీ ఉన్నా కథ వెనక్కి తెచ్చుకున్నాను. ఈ కొసమెరుపుల పిచ్చి మన కథను ఎంత నాశనం చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. అంటించింది వైస్ ఛాన్సలర్ కొడుకే అని చివర్లో తేల్చావు చూడు, అదీ ఆ జబ్బే. తీసెయ్.

నమ్మినవాళ్లను చూపించు. ఇప్పటికీ వానలు ముదిరితే చాలు, పాత సర్క్యులర్‌కు తేదీ మార్చి వాట్సాప్‌లో తిప్పేవాళ్లు తయారవుతారు, అది నకిలీ అని యూనివర్సిటీలు ప్రకటన ఇచ్చుకోవాల్సి వస్తుంది. ఆ ప్రకటన వచ్చేలోపు ఊరి బస్సెక్కేసిన వాళ్లుంటారు. నీ కథలోనూ అలాంటి పిల్ల ఒకతి ఉంది, తిరిగొచ్చేసరికి ఆమె పేపరు అయిపోయింది, నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. నాకు కథంతా అక్కడే కనిపించింది. ఏడో నిజాం 1939లో ప్రారంభించిన ఆ గులాబీ గ్రానైట్ భవనం, అంత ఎత్తు కమాను, దాని నీడలో అంటించిన కాయితం. పల్లె నుంచి వచ్చిన పిల్ల దాన్ని అనుమానించడానికి ఎంత ధైర్యం కావాలి?

ఏ పోటీకి పంపాలన్నది తర్వాత చూద్దాం. మెస్సు సీను ఉంచు. ఆ పిల్లది ఏ ఊరు, ఏ పేపరు పోయింది, ఇంట్లో ఏం చెప్పింది, అవన్నీ రాసి మళ్లీ పంపు. నోటీసు మాత్రం మొదటి అక్షరం నుంచి స్టాక్ ఫైలు దాకా పూర్తిగా ఉండాలి.