టెక్ సందేహాలు: నది క్రూజ్‌కి 300 లెన్స్ అవసరమా?

ప్రశ్న: నా దగ్గర 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. త్వరలో వారం రోజుల నది క్రూజ్‌కి వెళ్తున్నాం. గట్టు మీది కోటలు, ఊళ్లు, కుదిరితే పక్షులు కూడా దగ్గరగా తీయాలని ఉంది. బడ్జెట్ తక్కువ. 70-300 లెన్స్ ఒకటి చవగ్గా దొరుకుతోంది. అది తీసుకోనా, లేక కొంచెం ఎక్కువ పెట్టి 18-300 ఒక్కటే కొనుక్కోనా?

జవాబు: రెండూ వద్దు. ప్రయాణాల సీజన్ రాగానే ఇదే ప్రశ్న పదే పదే వస్తోంది. అడిగేవాళ్లందరి నమ్మకం ఒకటే: లెన్స్ పేరులోని అంకె (మిల్లీమీటర్లలో ఫోకల్ లెంత్, అది పెరిగే కొద్దీ దూరంలో ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి) ఎంత పెద్దదైతే లెన్స్ అంత పనికొస్తుందని. నది మీద ఆ నమ్మకం పనిచేయదు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దుకాణంలో ఎవరూ చెప్పరు.

మీరు నిలబడిన చోటే కదులుతోంది. పడవ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సెకనుకు 4 మీటర్లకు పైగా ముందుకు పోతున్నట్టు. మీకు సరిగ్గా పక్కన, 50 మీటర్ల దూరంలో గట్టు ఉందనుకోండి. లెన్స్‌ని 18 దగ్గర పెట్టి 1/60 సెకనుకి ఫొటో తీస్తే, ఆ కాస్త సమయంలోనే గట్టు మీ సెన్సర్ మీద ఆరు పిక్సెళ్ల మేర పక్కకి జరుగుతుంది. షట్టర్ స్పీడ్ 1/500కి పెంచితే ఆ జరుగుడు ఒక పిక్సెల్ లోపే ఉంటుంది, ఫొటో చక్కగా వస్తుంది. అదే 1/500తో, అదే గట్టుని 300 దగ్గర తీయండి. పన్నెండు పిక్సెళ్లు దాటుతుంది. కెమెరాని గట్టుతోపాటు మెల్లగా తిప్పుతూ తీస్తే కొంత తగ్గుతుంది కానీ, అది సాధన ఉన్నవాళ్ల పని.

"లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా" అంటారు. అది మీ చేతుల వణుకుని సరిచేస్తుంది. పడవ ముందుకు పోవడాన్ని అది సరిచేయలేదు. కాబట్టి జూమ్ పెంచే కొద్దీ షట్టర్ స్పీడ్ కూడా పెంచాలి. చవక జూమ్ లెన్సుల్లో ఆ చివర అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6కో 6.3కో పడిపోతుంది, వెలుతురు సరిపోదు, కెమెరా ఐఎస్ఓని (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయిని) పైకి తోసేస్తుంది. చివరికి దగ్గరగా కనిపించే, గరుగ్గా ఉండే ఫొటో మిగులుతుంది. ఎండ ముదిరాక నీటి మీద గాలి అలలు అలలుగా కదులుతూ దూరంలో ఉన్నవి వంకరటింకరగా కనిపిస్తాయి. ఎంత ఖరీదైన లెన్స్‌తోనైనా అది పోదు.

పైగా మీకు చవగ్గా దొరుకుతున్న ఆ 70-300లో అసలు స్టెబిలైజేషన్ ఉందో లేదో చూశారా? ఈ రకంలో బాగా తక్కువ ధరకి వచ్చే కొన్ని మోడళ్లలో అది ఉండదు. ఇంజిన్ అదురుతున్న పడవ మీద అలాంటి లెన్స్‌తో అవస్థ పడటం కంటే ఉన్న లెన్స్‌తో వెళ్లడమే నయం.

నా సలహా 18-135 లేదా 18-140 తరగతి లెన్స్, స్టెబిలైజేషన్ ఉన్నది, సెకండ్ హ్యాండ్‌లో. మీ 18-55 పక్కన పెట్టేయండి. క్రాప్ సెన్సర్ మీద ఇది ఫుల్ ఫ్రేమ్ లెక్కలో సుమారు 27 నుంచి 200 వరకు పనిచేస్తుంది. వంతెన కింద నుంచి వెళ్తున్నా, లాక్ (నీటి మట్టం మార్చి పడవని పైకీ కిందికీ దాటించే గేట్ల తొట్టి) గోడల మధ్య నిలబడినా 18 సరిపోతుంది. కొండ మీది కోటకి 135 చాలు. ఇంకా దగ్గరగా కావాలంటే ఇంటికొచ్చాక కత్తిరించుకోండి. 135 దగ్గర తీసిన 24 మెగాపిక్సెళ్ల ఫొటోని 200 చూపించేంత మేరకి కత్తిరించినా దాదాపు 11 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఏ4 సైజు ప్రింట్‌కి అవి ధారాళంగా సరిపోతాయి.

ఒక్క లెన్స్ అని గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. జర్మనీలోని రైన్ నదిలో బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా ఉన్న లోయనే తీసుకోండి. 2002లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆ 65 కిలోమీటర్ల దారిలో కోటలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, ఒకసారి ఈ గట్టున, ఒకసారి ఆ గట్టున. పడవ ఎవరి కోసమూ ఆగదు. మీరు డెక్ మీద గాలిలో లెన్స్ ఊడదీసి ఇంకోటి బిగించేలోగా కోట వెనక్కి పోతుంది, సెన్సర్ మీద దుమ్ము మాత్రం మిగులుతుంది.

పక్షులే మీ ప్రయాణానికి అసలు కారణమైతే మాట వేరు. అప్పుడు స్టెబిలైజేషన్ ఉన్న 70-300 తీసుకోండి, 1/1000కి తగ్గకుండా తీయండి, మిగతా వాటికి మీ పాత 18-55 వాడుకోండి. "కుదిరితే పక్షులు" అని రాశారు కాబట్టి మీకు ఆ ఖర్చు అక్కర్లేదు.

డబ్బు కొంచెం మిగిలితే 35 ఎఫ్ 1.8 లెన్స్ కొనండి. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 దాదాపు పదింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. అంటే సాయంత్రం దీపాలు వెలిగాక 1/15 దగ్గర అలికిపోయే ఫొటోని 1/150కి తీయొచ్చు. ట్రైపాడ్ మోసుకెళ్లకండి. పడవ ఊగుతుంటే దాని మీద పెట్టిన ట్రైపాడ్ కూడా ఊగుతుంది, ఇంజిన్ అదురు కాళ్ల గుండా నేరుగా కెమెరాకి ఎక్కుతుంది. ఇదే కారణంతో రెయిలింగ్‌కి మోచేతులు ఆనించి తీయొద్దు. మీ మోకాళ్లు, భుజాలు ఆ అదురుని బాగానే మింగేస్తాయి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు లెన్స్ వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించి ఇస్తానన్నా వదిలేయండి. మౌంట్ (లెన్స్‌ని కెమెరాకి బిగించే చోటు) మీ కెమెరాదేనా అని చూసుకోండి. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) లెన్స్‌ని అడాప్టర్ పెట్టి మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేని కెమెరా) మీద వాడుకోవచ్చు కానీ, మిర్రర్‌లెస్ లెన్స్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి పనికిరాదు. పాత లెన్సుల్లో కొన్నిటికి సొంత ఫోకస్ మోటార్ ఉండదు. చవక కెమెరా బాడీల్లో కూడా అది లేకపోతే ఆటోఫోకస్ పనిచేయదు, ప్రతి ఫొటోకీ చేత్తో తిప్పుకోవాలి. మీ కెమెరాకే బిగించి, నాలుగు ఫొటోలు తీసి చూశాకే డబ్బు ఇవ్వండి.

ఇక్కడ నాకు కోపం తెప్పించే సంగతి ఒకటి చెప్పాలి. మొదటిసారి కెమెరా కొనేవాళ్లకి అమ్మే లెన్సుల్ని ఇంత నిర్లక్ష్యంగా ఎందుకు తయారుచేస్తున్నారు? ఎండకి అడ్డుపెట్టే హుడ్ ఒక ప్లాస్టిక్ ముక్క. ఖరీదైన లెన్స్‌తో అది పెట్టెలోనే వస్తుంది, చవక లెన్స్‌కి విడిగా కొనుక్కోవాలి. నీటి తుంపర లోపలికి పోకుండా మౌంట్ దగ్గర ఉండాల్సిన చిన్న రబ్బరు రింగు కూడా ఉండదు. లెన్స్‌ని పొట్టిగా చూపించడం కోసం ముడుచుకునే డిజైన్ పెట్టారు. బటన్ నొక్కి తిప్పి బయటికి లాగితే తప్ప ఫొటో తీయనివ్వదు. కోట మలుపు తిరిగి కనిపించేసరికి కెమెరా తెర మీద "లెన్స్ తెరవండి" అని సందేశం వస్తుంది. కొన్నిటికి స్టెబిలైజేషన్ స్విచ్ కూడా తీసేసి మెనూల్లో ఎక్కడో దాచారు. ఇవన్నీ పెద్ద ఖర్చుతో పరిష్కరించాల్సినవి కావు. తక్కువ ధర పెట్టేవాడికి ఇది చాల్లే అనుకోవడమే దీనికి మూలం.

ప్రశ్న: క్రూజ్‌లో తీసిన ఫొటోలు ఏ రోజువి ఆ రోజే ఫోన్‌లోకి పంపుకోవాలి. కెమెరాని పడవలోని ఉచిత వైఫైకి కలపొచ్చా? కార్డ్‌లో మూడేళ్ల ఫొటోలు కూడా ఉన్నాయి, ఇబ్బంది లేదు కదా?

జవాబు: ఇబ్బంది ఉంది, అది ఆ చివరి వాక్యంలోనే ఉంది. ఈ మధ్య నన్ను బాగా టెన్షన్ పెడుతున్నది ఇదే. ఫోన్‌కి వేలిముద్ర, లాక్, ఎన్‌క్రిప్షన్ అన్నీ పెట్టుకుంటాం. కెమెరాకి ఏమీ ఉండదు. దాదాపు అన్ని కెమెరాలూ కార్డ్ మీద ఫొటోల్ని ఎలాంటి తాళమూ లేకుండా రాస్తాయి. బ్యాగ్ పోతే, కార్డ్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లు ఏ కంప్యూటర్‌లోనైనా పెట్టుకుని మీ పిల్లల ఫొటోలు, మీ ఇంటి ఫొటోలు, గుర్తుగా తీసి పెట్టుకున్న పాస్‌పోర్ట్ పేజీ చూసుకోవచ్చు. కెమెరా లేదా ఫోన్ లొకేషన్ కూడా రాసి ఉంటే ఆ ఇల్లు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. 2016 డిసెంబర్‌లో 150 మందికి పైగా డాక్యుమెంటరీ దర్శకులు, ఫొటో జర్నలిస్టులు కలిసి, కెమెరాల్లో ఎన్‌క్రిప్షన్ పెట్టండని పెద్ద తయారీదారులకి బహిరంగ లేఖ రాశారు. ఇన్నేళ్లు గడిచినా మామూలు మనిషి కొనే కెమెరాలో ఆ సౌకర్యం కనిపించదు. కొత్త మోడల్‌లో ఫోకస్ పాయింట్లు పెంచడానికి మాత్రం తీరిక ఉంటుంది.

వైఫై సంగతి. 2019లో చెక్‌పాయింట్ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు ఒక డీఎస్‌ఎల్‌ఆర్‌లోకి వైఫై ద్వారా రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) ఎక్కించి, కార్డ్‌లోని ఫొటోలన్నిటికీ తాళం వేసి చూపించారు. ఫొటోలు పంపుకోవడానికి కెమెరాలు వాడే ప్రొటోకాల్‌లోని లోపాలే వాళ్లకి దారి ఇచ్చాయి. ఆ కెమెరా కంపెనీ తర్వాత అప్‌డేట్ ఇచ్చింది. కానీ కెమెరా కొన్నాక ఒక్కసారైనా ఫర్మ్‌వేర్ (కెమెరాని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినవాళ్లు మీకు ఎంతమంది తెలుసు?

అందుకని కెమెరాని పడవ వైఫైకి కలపకండి. కెమెరా సొంతంగా ఇచ్చే వైఫైకి ఫోన్‌ని కలిపి పంపుకోవడం దానికంటే మేలు, పని కాగానే ఆఫ్ చేయండి. అంతకంటే మంచిది ఫోన్‌కి తగిలించే చిన్న కార్డ్ రీడర్. దానికి వైఫై అక్కర్లేదు, లొకేషన్ అనుమతి అడిగి, అకౌంట్ తెరవమని వేధించే యాప్ కూడా అక్కర్లేదు. ఆ మూడేళ్ల ఫొటోలు బయల్దేరే ముందే రెండు చోట్ల కాపీ చేసి, రెండూ తెరుచుకుంటున్నాయో లేదో చూసి, కార్డ్‌ని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. ఫర్మ్‌వేర్ తయారీదారు సొంత సైట్ నుంచే తీసుకోండి, అదీ ప్రయాణానికి కనీసం వారం ముందు. వేరే కంపెనీ లెన్స్ వాడుతుంటే అప్‌డేట్ తర్వాత అది సరిగా పనిచేయకపోయే అవకాశం ఉంది, పరీక్షించుకోవడానికి ఆ వారం కావాలి.

ప్రశ్న: నీటి మీద మెరుపు తగ్గడానికి పోలరైజర్ ఫిల్టర్ కొనాలా?

జవాబు: కొనండి, లెన్స్ ముందు భాగం సైజు చూసుకుని. నీటిని మరీ నిటారుగా కాకుండా, మరీ ఏటవాలుగా కాకుండా, నీటి ఉపరితలం నుంచి సుమారు 37 డిగ్రీల కోణంలో చూస్తున్నప్పుడు అది బాగా పనిచేస్తుంది. వెలుతురుని ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) తినేస్తుంది కాబట్టి సాయంత్రం తీసేయండి. 18 దగ్గర ఆకాశం ఒక పక్క ముదురుగా, ఒక పక్క లేతగా వస్తే లెన్స్ పాడైందని కంగారు పడకండి, ఈ ఫిల్టర్‌తో అంత వెడల్పుగా తీస్తే అలాగే వస్తుంది. ఏసీ గదిలోంచి డెక్ మీదకి రాగానే అద్దం మీద పట్టే ఆవిరి మాత్రం దీనివల్ల పోదు. కెమెరాని మూసిన ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బయటికి తెచ్చి, ఒక అరగంట ఆగి తీయండి.