పరుగెడుతూ పడిపోతే ఈసీజీ ఒక్కటే చాలదు

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. హనుమకొండ జేఎన్‌ఎస్‌ స్టేడియంలో రోజూ పొద్దున 800 మీటర్ల పరుగు సాధన చేస్తాడు. పోయిన నెల రెండో రౌండు మలుపులో పరుగెడుతూనే బోర్లా పడి, అర నిమిషంలో తేరుకున్నాడు. పరగడుపున వచ్చినందుకే అన్నారు. ఈసీజీ కాగితంపై 'అబ్నార్మల్' అని వచ్చినా, ఆటగాళ్లకు ఇది మామూలేనని డాక్టరు గారు చెప్పారు. జిల్లా పోటీలకు పంపవచ్చునా? వాడి మేనమామ, ఈత బాగా వచ్చినవాడే, 26 ఏళ్లకు వ్యవసాయ బావిలో మునిగి చనిపోయాడు. ఇది చెప్పవలసిన విషయమో కాదో తెలియదు.
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: తప్పక చెప్పవలసిన విషయం, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపింది అదే. గుండె ప్రతి స్పందన తర్వాత విద్యుత్తుపరంగా మళ్లీ సిద్ధం కావడానికి మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకునే 'లాంగ్ క్యూటీ' అనే వంశపారంపర్య లోపంలో, శ్రమ పడినప్పుడు, ముఖ్యంగా ఈదేటప్పుడు, లయ ఒక్కసారిగా తప్పవచ్చు. అలాంటి మరణాన్ని నీట మునిగినట్టే అందరూ అనుకుంటారు. మేనమామది అదేనని నేను అనడం లేదు. కానీ ఆ అనుమానం తీరాలంటే అబ్బాయితో పాటు వాళ్ల అమ్మగారికి కూడా ఈసీజీ తీయించాలి.

పరుగు ఆపి నిలబడ్డాక కళ్లు తిరగడం వేరు: రక్తం కాళ్లలో నిలిచి బీపీ పడిపోతుంది, చాలావరకు ప్రమాదం ఉండదు. పరుగు మధ్యలో పడిపోవడాన్ని మాత్రం, గుండెలో లోపం లేదని తేలేదాకా, పరగడుపు ఖాతాలో వేయకూడదు.

డాక్టరు గారి మాటలో తప్పు లేదు. బాగా సాధన చేసేవారి నాడి నిమిషానికి 50 కంటే తగ్గడం సహజం. దానికే యంత్రం 'అబ్నార్మల్' అని అచ్చువేస్తుంది. అయితే పడిపోయిన సంగతి, బావి సంగతి ఆయనకు చెప్పారా? ఆ రెండూ చెప్పి, పాత ఈసీజీ కాగితం చేతికిచ్చి, గుండె మళ్లీ సిద్ధమయ్యే సమయాన్ని చూపే క్యూటీ వ్యవధిని స్వయంగా కొలవమని గుండె వైద్యుణ్ని అడగండి. గుండె కండరం మందమయిందా, గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు సరైన చోటి నుంచే మొదలయ్యాయా అన్నవి ఎకో (గుండె స్కానింగ్)లో చూడాలి. వైద్యుని సమక్షంలో ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా అవసరం కావచ్చు. ఇవి వరంగల్‌లోనే అవుతాయి. అంతవరకు పోటీ, సాధన, ఈత మూడూ ఆపాలి. అజిత్రోమైసిన్ వంటి కొన్ని మందులు క్యూటీని ఇంకా పెంచుతాయి కనుక దగ్గుకో జలుబుకో దుకాణంలో అడిగి మాత్రలు వేయకండి.

ప్రశ్న: మా కళాశాల క్రీడాకారులందరికీ ఈసీజీ తీయించాలా?
– ఫిజికల్ డైరెక్టర్, నర్సంపేట

జవాబు: ఇటలీ 1982లోనే చట్టం చేసి తీయిస్తోంది; అమెరికాలో ప్రధానంగా ప్రశ్నలు, శారీరక పరీక్షలతోనే సరిపెడుతున్నారు. నా మటుకు, శ్రమలో స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, ఇంట్లో చిన్న వయసు మరణాలు, వీటిని ముందు అడిగి, ఏ ఒక్కటి ఉన్నా ఈసీజీకి పంపండి. పరీక్షలన్నీ దాటినవారూ పడిపోవచ్చు. ఏళ్ల తరబడి క్లబ్బు పరీక్షలు చేయించుకున్న డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ 2021లో కోపెన్‌హాగన్ మైదానంలో కుప్పకూలి, వెంటనే అందిన సీపీఆర్ (ఛాతీని నొక్కడం), విద్యుత్ షాక్‌తో బతికాడు. గుండె ఆగినవారి చేతులు కాళ్లు కొద్దిసేపు కొట్టుకోవచ్చు. మన మైదానాల్లో దాన్ని ఫిట్స్ అనుకొని చేతిలో తాళంచెవులు పెడతారు, ఉల్లిగడ్డ వాసన చూపిస్తారు. పిలిస్తే పలకక, శ్వాస సరిగా లేకపోతే, ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా మరొకరు ఛాతీ మధ్యలో, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి.